పిన్నమ్మ ఎంగిలి పట్టింపు

ఎనభైల్లో నరసరావుపేటలో ఒక జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేశాను. పత్తిలోంచి గింజ తీసే మిషన్ల దగ్గర వేళ్లు నలగడం, చేతులు తెగడం మామూలే. అందుకే మా యజమాని గుంటూరు నుంచి ప్రథమ చికిత్స నేర్పే మాస్టారిని పిలిపిద్దామనుకున్నాడు. ఒక్కరోజయితే కట్లు కట్టడం వరకే. రెండు రోజులయితే ఆగిపోయిన గుండెను, ఊపిరిని మళ్లీ ఆడించడం కూడా నేర్పుతారు. ఏది కావాలో నన్నే తేల్చమన్నాడు.

"కట్లు చాల్లేవయ్యా, రెండ్రోజులు మిల్లాపితే ఎట్టా?" అన్నారు అందరూ.

నాకు ఒళ్లు మండింది. మా నాన్న వినుకొండ బస్టాండులో గుండె ఆగి కుప్పకూలినప్పుడు చుట్టూ చేరిన జనం మూర్ఛనుకుని ఆయన చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి చూస్తూ నిలబడ్డారు. ఆయన అక్కడే పోయాడు. వాళ్లకు తెలిసింది అంతే, వాళ్లనేం అంటాం? కానీ ఇంకొకరు అలా పోతుంటే చూసే ఓపిక నాకు లేదు. రెండు రోజులదే ఖాయం చేశాను.

అసలు గొడవ రెండో రోజున వచ్చింది. రబ్బరు బొమ్మ నోటికి నోరు ఆనించి ఊపిరి ఊదమన్నారు మాస్టారు. మిషన్లకు పత్తి అందించే ఆడవాళ్లలో పెద్దావిడ ఒకామె ఉండేది. అందరం పిన్నమ్మా అనేవాళ్లం. ఎంగిలంటే ఆమెకు చచ్చేంత పట్టింపు. కుండ దగ్గర గ్లాసు ఎవరి పెదవికైనా తగిలిందంటే, ఆ పూట ఆ గ్లాసు ముట్టదు.

"ఇదేం చోద్యమయ్యా! ఇంతమంది మూతులు పెట్టినదాంట్లో నేను ఊదాలా? ఛీ!"

"కళ్లముందు మనిషి పోతుంటే మడి కట్టుకుని కూర్చుంటావా పిన్నమ్మా?" అని గట్టిగానే అరిచాను.

బొమ్మ మూతిని కొంగుతో తుడిచి తుడిచి, నన్ను తిట్టుకుంటూనే ఊదింది. సాయంత్రం దాకా పుక్కిలిస్తూనే ఉంది.

ఆ సీజను చివర్లో మోటారు స్విచ్చి దగ్గర నాకు కరెంటు కొట్టింది. తర్వాతి సంగతి వాళ్లు చెబితేనే తెలిసింది. మా మెకానిక్కు పరుగెత్తి మెయిన్ ఆపాడట. నాలో కదలిక లేదు, ఊపిరి లేదు. ఎవరో అలవాటు కొద్దీ తాళంచెవులు తెచ్చి నా గుప్పిట్లో పెట్టబోయారట.

"ఏందిరా ఆ తాళాలు? తియ్ అవతలికి!" అంటూ పిన్నమ్మ జనాన్ని తోసుకుని వచ్చిందట. మెకానిక్కు రొమ్ము అదుముతుంటే, ఆమె నా ముక్కు మూసి నోట్లోకి ఊదిందట. అప్పుడు నా నోటినిండా కిళ్లీ. అది వేలితో తీసేసిందే గానీ, మూతి తుడవనైనా తుడవలేదట.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాను. ఏడుపు ఆగలేదు.

"ఊరుకో అబ్బాయ్. నీళ్లు తాగు" అని గ్లాసు అందించింది. నోటి దగ్గరికి తీసుకెళ్లేసరికి చెయ్యి పట్టుకుంది.

"ఎత్తి పోసుకో. ఎంగిలి చేశావంటే గ్లాసు నువ్వే తోమాల."

పిన్నమ్మ ఇప్పుడు లేదు. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నా, నేను నీళ్లు ఎత్తి పోసుకునే తాగుతాను.