బట్లహళ్ళిలో లైను ఆపిన రోజులు

డెబ్బైల చివర్లో, డిసెంబరులో ఒక సాయంత్రం నాలుగింటికి మా సైనిక ఇంజనీర్ల దళం చింతామణి చేరింది. ఆరుగురం, ఒక ట్రక్కు. గాలివానకు దగ్గరి బట్లహళ్ళి ఊళ్లో కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. వాటిని మార్చాలంటే లైను పది రోజులు ఆపాలి. నా సొంతూరు ఆ దగ్గరి బాగేపల్లి. దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కరెంటు లేని రోజులకు ఇళ్లను సిద్ధం చేసే పని నాకు పడింది.

మర్నాడు ఉదయం వైర్‌లెస్‌లో హవల్దారు గొంతు: "సాయంత్రం ఆరుకు లైను కట్. ఈలోగా బట్లహళ్ళి పూర్తి చెయ్. ఓవర్."

నీళ్ల తొట్లు నింపించాను. ట్రాక్టరు బ్యాటరీలు ఛార్జి చేయించి, ఇంటికొక చిన్న బల్బు తగిలించాను. మూడింటికి నాగమ్మ ఇల్లు. భర్త పోయిన మనిషి. పట్టుపురుగుల గదిలో వెచ్చదనానికి రెండు పెద్ద బల్బులు వెలుగుతున్నాయి. పురుగులు గూళ్లు కట్టడానికి ఇంకా వారం ఉంది. రాత్రిళ్లు ఆకు వేయాలని ఆమె అక్కడే పడుకునేది.

"పటాలంలో పురుగులు యాడుండాయప్పా? నీకేం తెలుసు?" అంది.

"నల్లులుండాయమ్మా, కావలసినన్ని."

నవ్వింది. "ఇవి చలికి పోతే ఈ ఏడు నాకు కూడు లేదప్పా."

బొగ్గుల కుంపటి పెట్టమన్నాను. కిటికీకి, తలుపు సందులకు నా చేత్తోనే గోనెపట్టాలు బిగించాను.

"ఊపిరాడతాదా?"

"బొగ్గులకు పొగ యాడుంటాదమ్మా!"

మంచుకొండల్లో రెండు చలికాలాలు బంకరులో కుంపటి పక్కన పడుకున్నవాణ్ణి. జానెడు సందు వదలకుండా నిప్పు పెట్టరాదని అక్కడ ఆర్డరు. కనిపించని బొగ్గు గాలే మనిషిని చంపుతుంది. తెలిసీ, వెచ్చదనం పోకూడదన్న ధ్యాసలో సందు వదల్లేదు.

మర్నాడు ఏడింటికి పక్కింటాయన పరిగెత్తుకొచ్చాడు. "నాగమ్మ పిలిస్తే పలకడంలేదప్పా!" తలుపు నేనే పగలగొట్టాను. ఎవరూ చూడకముందే కిటికీ పట్టా విప్పేశాను.

"గాలికి దారి ఉందా?" అని హవల్దారు అడిగాడు.

"ఉంది సాబ్."

నాగమ్మ గుండె ఆగి పోయిందని రాసుకున్నారు. పదకొండో రోజు కరెంటు వచ్చింది. జనం ట్రక్కుకు దండలు కట్టారు. తిరిగి యూనిట్‌కు వెళ్లాం. ఆ ఊళ్లో ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటారు. ఆమె గుండెలో ఏ దోషమూ లేదు. నేను మూసిన గదిలో చనిపోయింది.

తలుపు పగిలినప్పుడు పురుగులన్నీ బతికే ఉన్నాయి. మనిషిని చంపే ఆ గాలి వాటిని ఏమీ చేయలేదు. ఆమె చేయి పురుగుల తట్ట అంచు మీద ఉంది. ఒక పురుగు ఆ వేళ్ల మీదికి పాకి, తల ఎత్తి, ఆకు కోసం అటూ ఇటూ వెతుకుతోంది.