ఆరుగురి కుప్పలో ఒకడి ఎముకలు

దెయ్యాలనేవే ఉంటే ముందు నన్ను పట్టుకోవాలి. వైజాగ్‌లో ఒక మెడికల్ కాలేజీలో, పేరు రాయను, పదకొండేళ్లు మనుషుల ఎముకలు ఉడకబెట్టాను. ఒక్క దెయ్యమైనా వచ్చి నా కాలు ఏదిరా అని అడగలేదు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది మాత్రం జరిగింది.

ఏడో తరగతితో బడి మానేసిన నాకు అనాటమీలో అటెండరు పని దొరికింది. ఎవరూ అడగని శవాలు మాకు వచ్చేవి. స్టూడెంట్లు కోసి చదువుకున్నాక మిగిలినదాన్ని మేం తొట్టెలో నానబెట్టి, సోడా వేసి ఉడికించి, ఎముకలు మేడ మీద ఎండబెట్టేవాళ్లం. తొట్టె ఒక్కటే. అందరివీ కలిసిపోయేవి. మళ్లీ జత చేసి, తీగతో కట్టి మనిషిని నిలబెట్టాలి.

పెద్దవి సులువే. తొడ ఎముక తల బంతిలా ఉంటుంది, తుంటి గుంటలో బిగుతుగా కూర్చోవాలి. వదులైతే వేరేవాడిది. ఏడిపించేవి మణికట్టువి. ఒక్కో చేతికి ఎనిమిది, గులకరాళ్లలా. అవి ఒకదాని మీద ఒకటి జారితేనే చెయ్యి అటూ ఇటూ వంగుతుంది. కుడివో ఎడమవో చెప్పడానికే డాక్టర్లు పుస్తకం తీస్తారు. కుప్పలోంచి ఎవడివో ఏరడం ఎవరి వల్లా కాదు. మేం చేతికందినవి గుచ్చేసేవాళ్లం.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులు. ఒక పొద్దున్న జాలరిపేట నుంచి నూకాలమ్మ అనే ఆవిడ వచ్చింది. మొగుడు ఏడాది కిందట భీమిలి వెళ్లి తిరిగి రాలేదట. బస్టాండులో పోయాడని, ఎవరూ రాకపోతే పోలీసులు మాకు అప్పగించారని ఆమెకి ఆలస్యంగా తెలిసింది. కొడుకుని ఈమే తరిమేసిందని అత్త ఇంట్లోకి రానివ్వడం లేదట. ఎముక చూపించి, సముద్రంలో కలిపితేగానీ దినం చెయ్యనివ్వనందట.

"సిన్న ముక్కైనా సాలు బాబూ," అంది.

మేడ మీద ఆరుగురు ఎండుతున్నారు, రిజిస్టరు ప్రకారం ఆయనా అందులోనే. తోటి అటెండర్లు, మావాళ్లు ముగ్గురు, చూస్తున్నారు. నా నోరు ఊరుకోదు.

"ముక్కెందుకప్పా? మీ ఆయన్ని ఏరుకో. మొత్తం ఏరితే మొత్తం నీదే. ఒక్కటి తప్పినా ఏటీ నేదు."

"సేపలేరినట్టు ఏరేత్తాది బావా," అన్నాడు మా సింహాచలం. అందరం నవ్వాం.

ఆమె కొంగు తడిపి నెత్తిన వేసుకుని ఎండలో కూర్చుంది. ఒక్కో ఎముకా తీసి, కళ్లు మూసుకుని చెంపకి ఆనించి, కొన్ని ఇటు, కొన్ని అటు. మేం క్యారేజీలు తిని వచ్చేసరికి సిమెంటు మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు.

ఆమె నీళ్లు తాగడానికి కిందికి దిగింది. నేనూరుకుంటానా? ఎడమ మణికట్టులోంచి ఒకటి తీసి, అదే ఎడమది, అదే సైజుది, ఇంకొకడిది పెట్టాను. ఆమె వచ్చి, చేత్తో ఒకసారి తడిమి, దాన్ని తీసి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇది ఈడిది కాదు. ఈడిది నీ గుప్పెట్లో ఉంది."

నవ్వులు ఆగాయి. మెట్ల మీంచి చూసి ఉంటుందనుకున్నాను. కానీ మెట్ల తలుపు మూసే ఉంది. గుప్పెట్లోది తిరిగి పెట్టేశాను.

సింహాచలం వెళ్లి డాక్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన గంటసేపు ప్రతి కీలూ అతికించి చూశారు. వెన్నుపూసలు, పక్కటెముకలు, మణికట్లు రెండూ. అన్నీ ఒక్కడివే. ఈవిడ ఎక్కడ చదివిందని అడిగారు. వేలిముద్ర మనిషండీ అన్నాను. ఇంత చక్కటి సెట్టు ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ లేదు, తీగ కట్టించు, అని ఆయన దిగిపోయారు.

ఆమె అప్పటికే గోనెపట్టా పరిచింది.

"మాటిచ్చినావు గదా బాబూ."

"మాటంటే ఎముకేటప్పా, పట్టుకుపోడానికి?"

మావాళ్లకి మళ్లీ నవ్వొచ్చింది. అయితే చిటికెన వేలి చివరిదైనా ఇమ్మంది. శనగగింజంత ఎముక. ప్రతి సెట్టులోనూ ముందు పోయేది అదే, పోయిందంటే అడిగేవాళ్లే లేరు. పక్క కుప్పలోంచి వేరేవాడి వేలు తీసి, ఇది పట్టుకుపో, మీ అత్తకేం తెలుస్తుంది అన్నాను.

"సంద్రానికి తెలుత్తాది," అంది.

పట్టా మడిచి, ఖాళీగా దిగిపోయింది. మళ్లీ రాలేదు. అత్త రానిచ్చిందో లేదో కనుక్కోలేదు. వారం తిరక్కుండా చిల్లులు పెట్టి, తీగ కట్టి, ఆయన్ని హాల్లో నిలబెట్టాను. ఎన్ని బ్యాచీలు ఆయన మీద చదువుకున్నాయో.

అన్నింటినీ ఎలా పోల్చుకుందని తర్వాత చాలామందిని అడిగాను. చేపల పని చేతులు, స్పర్శ ఎక్కువ అన్నారు. నావీ ఎముకల పని చేతులే. పదకొండేళ్లలో ఒక్క మణికట్టు కూడా సరిగ్గా జత చెయ్యలేకపోయాను. నాకు తెలియదు, అంతే.

ఆ శనగగింజంత ఎముక ఎందుకివ్వలేదని అడిగితే మాత్రం చెప్పగలను. అప్పటికి మావాళ్లు ఇంకా నవ్వుతున్నారు.