రెండు వేళ్ళతో ఆడిన ఫైనల్

"మీ బాబాయి ఎల్లిపోనారే," అంది పిన్ని ఫోన్లో. అంతే. ఏడుపు వినబడలేదు. నాలుగేళ్ళుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పడ్డ అవస్థకి, ఆవిడ ఏడుపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్ళో, గోల్‌మురి పేటలోని ఒక చిన్న వర్క్‌షాపులో బాబాయి ఫిట్టర్. ముప్పై ఆరో ఏట ప్రెస్ మెషిన్ కింద కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. తర్వాత స్టోరులో కూర్చోబెట్టి సామాను అందించే పని ఇచ్చారు. చొక్కా బొత్తాలు పిన్ని పెట్టేది. ఇంటికెవరైనా వస్తే, వాళ్ళ ముందు ఎడంచేత్తో తినలేక, ఆకలి లేదనేవాడు. తోటి పనివాళ్ళు ఆ చెయ్యి కంటపడకుండా గోడకేసి చూస్తూ ఆయనతో మాట్లాడేవారు.

మిగిలిన వేళ్ళు బిగుసుకుపోకుండా ఆడించమని డాక్టరు చెబితే, సాక్చి బజారులో వీడియో గేమ్ పార్లర్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. తెరమీద ఇద్దరు కొట్టుకునే ఆట. ఎడంచేతిలో స్టిక్, కుడిచేతి రెండు వేళ్ళతో బటన్లు. ఆయన్ని తీసుకురమ్మని, కాలేజీలో చదివే నన్ను పిన్ని పంపేది.

"బాబాయ్, చలో, పిన్ని బులా రహీ హై."

"ఉండమ్మా, ఈ రౌండు అవనీ."

ఇందులో ఏముందని ఒకసారి అడిగాను. "ఇక్కడ ఎన్ని దెబ్బలు తిన్నా, రౌండు మారితే మనిసి లేత్తాడు," అన్నాడు.

ఆ చలికాలం పార్లర్‌లో పోటీ పెట్టారు. బాబాయి పేరిచ్చాడు.

"నలుగురూ నవ్వుతారు. ఏటవసరం మీకు?" అంది పిన్ని.

మొదటి ఆటలో నిజంగానే నవ్వారు. మూడో ఆటకి నవ్వులు ఆగిపోయాయి. చిటికెనవేలి చర్మం చిట్లి బటన్‌కి రక్తం అంటింది. చొక్కా కొసతో తుడిచేసి ఆడాడు. ఫైనల్లో ఎదురుగా బారిడీహ్ పేట అబ్బాయి. ఆ రోజు ఎవరికీ ఒక్క రౌండు కూడా ఇవ్వనివాడు. మొదటి రౌండు బాబాయి గెలిచాడు. జనం అరిచారు. రెండో రౌండు సగంలో బాబాయి స్టిక్ వదిలేశాడు.

"కావాలని తగ్గి ఆడుతున్నావు. ఎందుకు?" అని హిందీలో నిలదీశాడు.

అతను బాబాయి కుడిచేతిని చూసి తల దించుకున్నాడు. "అంకుల్, ఆప్‌కా హాథ్..."

బాబాయి ముఖం నల్లబడింది. "హాథ్ మత్ దేఖో. స్క్రీన్ దేఖో."

ఆట మొదట్నుంచి పెట్టమన్నాడు. గెలిచిన రౌండు ఎందుకు వదులుకుంటావని పార్లర్ యజమాని బతిమాలినా వినలేదు. ఈసారి ఆ అబ్బాయి జాలి చూపలేదు. రెండు రౌండ్లూ బాబాయి ఓడిపోయాడు. చివరిది అర నిమిషం కూడా సాగలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

షేర్ ఆటోలో వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "ఏటికమ్మా? నన్ను సక్కగా కొట్టినోడు ఆడొక్కడే," అన్నాడు.

దాంతో ఆయన బతుకేమీ మారలేదు. అదే స్టోరు, అదే కుర్చీ. పార్లర్ మూతపడింది. తర్వాత దగ్గు మొదలైంది. చివరి రోజుల్లో మాట కూడా రాలేదు. ఓడిపోయే హక్కు కోసం ఒక మనిషి అంతగా పట్టుబట్టడం నేను మరెక్కడా చూడలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నది అదే.

ఆ రోజు ఫైనల్ అయ్యాక ఆ అబ్బాయి అలవాటుగా కుడిచెయ్యి చాచాడు. చాచాక గుర్తొచ్చి, వెనక్కి తీసుకుని ఎడమచెయ్యి ఇవ్వబోయాడు. బాబాయి ఆ కుడిచేతినే తన రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. ఎంతసేపటికీ వదల్లేదు. అతను కూడా లాక్కోలేదు. చిట్లిన ఆ వేలిని తిన్నగా చూస్తూ నిలబడ్డాడు.