పరువైన జబ్బు

విశాఖలో ఆపరేషన్ చేసి, కేన్సర్ పట్టిన పేగు చివర కోసి తీసేశారు. మలద్వారం మూసి కుట్టేసి, పొట్టకు ఎడమపక్క కన్నం పెట్టి సంచి తగిలించారు. ఇక నుంచి మలం అందులోకే. నెల తిరక్కుండా దానికి నేను అలవాటుపడ్డాను. మా ఇంటివాళ్లు ఇప్పటికీ పడలేదు.

పూండిలో రైలు దిగి ఇంటికి చేరేసరికి వసారా నిండా జనం. చొక్కా కింద ఉబ్బు చూసి ఒకాయన, "కిడ్నీయేనేటి బావా?" అన్నాడు. మా ఉద్దానంలో ఎవరికైనా ముందు తట్టేది అదే. పొట్టలో గొట్టం పెట్టించుకుని ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే మా అన్నయ్య, "అవును, కిడ్నీయే" అనేశాడు.

జనం వెళ్లాక, "ముడ్డి కేన్సరని ఊరంతా సెప్పుకుంతావేటి? మన పరువేటవుద్ది?" అని నా మీదికొచ్చాడు. జీడితోటలున్న మనిషి, ఒకప్పుడు సర్పంచి పదవి వెలగబెట్టాడు. తమ్ముడు పోయినా ఆయనకు ఫరవాలేదు, ఏ రోగంతో పోయాడో మాత్రం బయటికి పొక్కకూడదు. వదిన ఇంకో ఆకు ఎక్కువే చదివింది. కిడ్నీ రోగులు తాగకూడదట, ఎవరైనా చూస్తారని నా చేతిలోని కొబ్బరిబొండాం లాక్కునేది. పెరట్లో ఇరవై కొబ్బరిచెట్లు పెట్టుకుని నేను దొంగతనంగా తాగాను. చీ, ఏం బతుకులు!

ఆరు నెలలకు మందసలో చుట్టాలింట గృహప్రవేశం. భోజనాల దగ్గర మా చెల్లెలి మొగుడు నా పక్కన కూర్చున్నాడు. ఒక పిర్ర మీద ఒరిగి తింటున్నాడు. మొలలనుకుని నాటుమందు మింగుతూ, ఏడాదిపాటు నేనూ అలాగే కూర్చున్నాను.

"రక్తం పడతందా?" అని మెల్లగా అడిగాను.

"మొలలే బావా. మందు వాడతన్నాను. గట్టిగా అనకు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి చొక్కా పైకెత్తాను.

"ఇది కిడ్నీ సంచి కాదు, పియ్యి సంచి. నాకొచ్చింది ముడ్డి కేన్సరు. నాను కూడా మొలలే అనుకున్నాను!"

ఎదుటి వరసలో ఇద్దరు విస్తరి మడిచి లేచిపోయారు. తమ పొట్టల్లో గంధం ఉన్నట్టు! "సొక్కా దింపు" అని అన్నయ్య పళ్లు నూరాడు. నేను దింపలేదు.

"రేపు పొద్దున్నే టెక్కలి ఆసుపత్రికి పోదాం, పరీక్ష సేయించుకో" అన్నాను చెల్లెలి మొగుడితో.

అతను తల ఊపాడు. "ఈ మాట నువ్వు ఇంటికొచ్చిన్నాడే సెప్పుంటే, అప్పుడే నీతోటి వచ్చీవోణ్ని కదా బావా" అన్నాడు.

అతనికి రక్తం పడటం మొదలైంది అప్పుడేనట. అందరినీ వెధవలనుకుంటూ ఆ ఆరు నెలలూ నోరు మూసుకు కూర్చున్నది నేను.