మూఢంలో తీరిన గడువు

"రూటర్‌కి మూఢం తెలుస్తుందా సార్?"

జూన్ పన్నెండున కాకినాడ ఆఫీసులో, అందరూ వింటుండగా హారతి అడిగిన మాట ఇది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు, మణిశంకర్ చేరి పదకొండేళ్లు. ఆయన నవ్వేశాడు.

మణిశంకర్‌ది కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. మంత్రాలు సగంలో వదిలేసి డిప్లొమా చదివాడు. హరిబాబు గారి ఇంటర్నెట్ కంపెనీలో చేరేనాటికి కాకినాడ నుంచి రాజోలు దాకా రూటర్లన్నీ ఒకే గుంపు. యానాం దగ్గర కేబుల్ తెగితే రాజోలు రూటరు కూడా దారులన్నీ మళ్లీ లెక్కవేసుకుంటూ మొరాయించేది. ఆయన ఆ గుంపును ఏరియాలుగా విడగొట్టాడు. నడిమిది కాకినాడ, దాని నంబరు సున్నా. అమలాపురం ఒకటి, రాజోలు ఇంకొకటి. ఎక్కడి గొడవ అక్కడే ఆగిపోయేది. తర్వాత ఎవడో ఒక చవక రూటరు తగిలిస్తే, అది తప్పుడు దారి చాటి ట్రాఫిక్కంతా తనవైపు లాక్కుంది. అప్పటినుంచి ప్రతి రూటరూ పక్క రూటరును పాస్‌వర్డు అడిగేలా చేశాడు. అది సరిపోకపోతే పలకరింపే ఉండదు. ఆ పాస్‌వర్డుకు ఏడాదే గడువు. పాతది చెల్లకముందే కొత్తది ఎక్కించాలి.

ఈ పనిని మెచ్చుకున్నవాడు కంపెనీలో ఒక్కడూ లేడు, అర్థమైతే కదా. పంచాంగం మాత్రం అందరికీ అర్థమవుతుంది. టవరు ఎత్తాలన్నా, వ్యాను కొనాలన్నా, "పంతులుగారూ, మంచి రోజు చూడండి" అనేవారు. రూటర్లకు దొరకని గౌరవం ముహూర్తాలకు దొరికింది. మనిషి ఆ గౌరవం దగ్గరే కూర్చుండిపోయాడు. దీన్ని భక్తి అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

ఆ ఏడు జూన్ రెండోవారంలో గురు మూఢం పట్టింది. అది వదలకముందే ఆషాఢం. కొత్తగా తెరవాల్సిన రాజమండ్రి బ్రాంచిని శ్రావణానికి వాయిదా వేయించింది మణిశంకరే. ఖాళీ గదులకు హరిబాబు అద్దె కడుతున్నారు. పాస్‌వర్డు గడువు జూన్ ముప్పైతో తీరుతుందని మణిశంకర్ చెప్పబోయింది ఆ మనిషికి.

"ఈలోపు మార్చెయ్యాలండి. గంట పని."

"మూఢం కదండీ పంతులుగారూ?"

"ఇదేం శుభకార్యం కాదండి."

"పోయినేడు దీనికీ ముహూర్తం పెట్టారు కదండీ! పదీ పన్నెండుకని నన్ను టిఫిన్ కూడా తిననివ్వలేదు. ఆయ్, నా ఆఫీసుకి పనికిరాని రోజు మీ పాస్‌వర్డుకి పనికొచ్చేస్తుందేంటండీ?"

గదిలో అందరూ నవ్వారు. హారతి ఒక్కతే ఆ ప్రశ్న అడిగింది. తెలుస్తుందంటే ఇంజనీరు పోతాడు, తెలియదంటే పదకొండేళ్ల పంతులుగారు పోతాడు. గడువు మాట మళ్లీ ఎత్తకుండా ఆయన పంతులుగారిని కాపాడుకున్నాడు.

ఇరవై ఎనిమిదిన లాప్‌టాప్ ముందు కూర్చుని పాస్‌వర్డు మార్చే కమాండ్లన్నీ టైపు చేశాడు. హారతి వెనక నిలబడి, "నొక్కెయ్యండి సార్, నేనెవరికీ చెప్పను" అంది. ఎవరికీ తెలిసేది కాదు, నిజమే. కానీ తనకు తెలుస్తుంది. తన మాట నమ్మి ఒకాయన ఉత్త గదులకు అద్దె కడుతున్నాడు. పైగా కొన్ని రూటర్లు గడువు తీరినా చివరి పాస్‌వర్డునే వాడుకుంటాయి, ఇవీ అలాంటివే కావచ్చు. టైపు చేసింది చెరిపేశాడు.

అవి అలాంటివి కావు.

ముప్పయ్యో తారీఖు ఉదయం పదీ పన్నెండుకి, పోయినేటి శుభముహూర్తానికి సరిగ్గా ఏడాదికి, రూటర్లు ఒకదాన్నొకటి పలకరించడం మానేశాయి. కాకినాడ నుంచి వచ్చిన లాగిన్నే ఒప్పుకోవాలని ఆయనే కట్టడి చేశాడు. ఇప్పుడు కాకినాడ నుంచి దారే లేదు. కేబులు సంచీలో వేసుకుని బైకు మీద ఊరూరా తిరిగి, ఒక్కో రూటరు పెట్టెకూ తగిలించి కొత్త పాస్‌వర్డు ఎక్కించాడు. ఆఖరిది రాజోలు అవతలి లంకలో. పంటు ఎక్కి రేవు దాటేసరికి రెండో రోజు సాయంత్రమైంది. ఒడ్డున ఏసురాజు నిలబడి ఉన్నాడు. లంకలో నెట్టు కనెక్షన్లు నడుపుకునేది అతనే.

"సగం మంది వేరే కంపెనీ వైరు లాగించేసుకున్నారండి."

"నా తప్పేనయ్యా ఏసురాజూ."

"అబ్బే, మీరేం చేస్తారండీ. రోజు బాలేదు అంతే."

తిట్టి ఉంటే బాగుండేది. మణిశంకర్ పెట్టె ముందు చతికిలబడి పాస్‌వర్డు కొడుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. మూడుసార్లు తప్పు కొట్టాడు.

హరిబాబు శ్రావణం వచ్చాక పిలిచారు.

"ఆషాఢంలో మనిషిని పంపకూడదని ఆగానండి. ఏ రోజు రిలీవ్ అవుతారో మీరే చూసి చెప్పండి పంతులుగారూ."

ఎగతాళి కాదు. ఆయన మర్యాదే అంత.

మణిశంకర్ పంచాంగం తీశాడు. వేలు తిథి మీద ఆగింది. "సోమవారం దశమి బాగుందండి."

దశమినాడు తాళాలు అప్పగించాడు. కొత్త పాస్‌వర్డును కాగితం మీద రాసి హారతికి ఇచ్చి, కింద గడువు తేదీ వేసి, ఆ తేదీ కింద రెండు గీతలు గీశాడు. ఆమె మెట్ల దాకా వచ్చింది.

ఇప్పుడు ఆయన సామర్లకోటలో ఒక జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాడు. ముహూర్తం అడిగితే చూడనంటాడు. పదకొండేళ్లకు రావలసిన గ్రాట్యుటీ, లక్షా అరవై అయిదు వేల రూపాయలు, కంపెనీ ఆయనకు ఇంకా ఇవ్వలేదు.