సుజాత ఫోన్‌కు నేను వేసిన గడియ

మా ఇంటి గోడలు ఏ పాపమూ ఎరగవు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇంట్లో ఎవరైనా ఆ గోడల్ని తిట్టినప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లేచిపోయేదాన్ని. వాళ్లు తిడుతున్నది గోడల్ని కాదు, నన్ను. ఆ సంగతి వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నా పేరు అడగకండి. చెబితే మా పల్లెలో పొద్దు తిరగకముందే అందరికీ తెలిసిపోతుంది. కమలాపురం దగ్గర పల్లె మాది, అంతవరకు చాలు. రాయడానికి కూర్చున్నప్పటి నుంచి ఊరికే లేస్తున్నాను. ఆరేసిన బట్టలు తెచ్చాను, ఇంకా ఆరనేలేదు, మళ్లీ పట్టుకెళ్లి ఆరేశాను. ఇలాగైతే ఇది ఎప్పటికీ తెమలదు. మొదటి నుంచి చెబుతాను.

మాది బండల ఇల్లు. గోడలన్నీ నాపరాయి, మూరెడు మందం. మా మామ, ఆయన ఇద్దరు కొడుకులు, మేమిద్దరు కోడళ్లం, నా పిల్లలు. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. నేను పెద్దకోడల్ని. సుజాత నా తోడికోడలు, రాజంపేట వైపు పిల్ల. మా మరిదిని చేసుకుని వచ్చేనాటికే బీఈడీ చేసి ఉంది. లెక్కలంటే ప్రాణం.

పెళ్లికి ముందు కోయిలకుంట్లలో మా పుట్టింటి వీధిలోనే ఒక నెట్ సెంటర్ ఉండేది. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు నేనక్కడ పని చేశాను. అందుకే మా అత్తగారింట్లో ఇంటర్నెట్ పెట్టించిన రోజు నాకు ఒక్కసారిగా విలువ వచ్చింది. పెట్టిన మనిషి రౌటర్‌ను హాల్లో గోడకు తగిలించి, దీపాలు వెలిగాక తన దారిన తాను పోయాడు. లోపలి సంగతులన్నీ ఎలా ఉన్నవి అలాగే వదిలేశాడు. దాని వెనక అతికించిన చీటీ చూసి, మధ్య మధ్య చుక్కలున్న ఆ అంకెలను ఫోన్లో కొట్టి, సెట్టింగుల పేజీ తెరిచింది నేనే. వైఫై పేరు మార్చాను. లోపలి పాస్‌వర్డ్ మార్చాను. ఏ ఫోన్ ఎవరిదో గుర్తుపట్టి పేర్లు పెట్టాను. మామ, మా ఆయన, మరిది, సుజాత, నేను. మామ అరుగు మీద కూర్చున్నవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాడు, మా పెద్దకోడలు కంప్యూటర్ చదివింది అని. ఆ ఇంట్లో నా చదువు గురించి ఒక మంచి మాట వినడం నాకు అదే మొదలు.

ఎందుకంటే అంతకుముందు నేనూ అడిగాను. బీఈడీ చేస్తానని. పిల్లల్ని చూసుకుంటూనే చదువుకుంటానని. ఇప్పుడేం చదువులే అన్నాడు మామ. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. నేను ఏడవలేదు. ఇంకోసారి అడగనూ లేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో? ఈ ప్రశ్న కూడా ఇన్నేళ్లుగా నాతోనే ఉంది.

సుజాత మాత్రం అడిగింది. టీచరు ఉద్యోగాలు పడతాయంట, ఇంట్లో నుంచే ఫోన్లో క్లాసులు వింటానని. మామ సరేనన్నాడు! ఎలా ఒప్పుకున్నాడు? కాలం మారిందా? చిన్నకోడలంటే ముద్దా? నాకు కాదన్నందుకు ఆయన మనసులో ఏదైనా ఉండి ఆమెకు ఒప్పుకున్నాడా? ఇవన్నీ ఇప్పుడు ఆలోచిస్తున్నాను. అప్పుడు ఒకటే ఆలోచన. నాకెందుకు కాదు?

క్లాసు సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు. మా ఇంట్లో వంట వంతులుగా చేసుకునేవాళ్లం. పొద్దునది నాది, సాయంత్రం ఆమెది. సాయంత్రమంటే జొన్నరొట్టెలు. అవి ఎవరో ఒకరు కూర్చుని కొట్టాల్సిందే. ఇంతమందికి రొట్టెలు కొట్టాలంటే పొయ్యి ముందు నుంచి కదలడానికి లేదు. సుజాత క్లాసు మొదలైన నాటి నుంచి ఆ వంతు కూడా నా మీద పడింది. ఆమె అడగలేదు, నేనే చేస్తాను పో అన్నాను. పెద్దదాన్ని కదా. ఆ మాట అనడం సులువు. మొహం మీదికి వేడి కొడుతుంటే, పక్క గదిలోంచి ఎవరో సారు భిన్నాలు చెప్పే గొంతు, సుజాత లోలోపల జవాబు చెప్పుకునే గొంతు వింటూ రొట్టె కొట్టడం సులువు కాదు. నా అరచేతి చప్పుడు రోజురోజుకూ పెద్దదైంది. నాకే వినిపించేది.

ఒకరోజు పిండి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నా ఫోన్లో ఆ పేజీ తెరిచాను.

అందులో పిల్లల ఫోన్లను అదుపులో పెట్టడానికని ఒక వసతి ఉంటుంది. ఏ ఫోన్‌కు ఏ వేళలో నెట్ రాకూడదో మనం చెప్పొచ్చు. సుజాత పేరు మీద నొక్కాను. సాయంత్రం క్లాసు వేళ పెట్టాను, ఆ గంట ఆమె ఫోన్‌కు గడియ వేసినట్టు. సేవ్ చేశాను. అంతే. పొయ్యి మీద రొట్టె కూడా మాడలేదు.

నాలుగు రోజులు విసుగు తెప్పించి తీసేద్దామనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఏమో. అలా అనుకున్నానని నాకు నేను చెప్పుకోవడం మాత్రం గుర్తుంది.

మిగతా వేళల్లో ఆమె ఫోన్ బాగానే పని చేసేది. సరిగ్గా క్లాసు మొదలయ్యే వేళకు ఆగిపోయేది. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఏదీ తెరుచుకోదు. ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను చాలా శ్రద్ధగా చూశాను. చూసి, ఆ అబద్ధం చెప్పాను. సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకుంటారు, ఆ బండగోడలు దాటి నీ గది దాకా రావాలంటే దానికి బలం చాలదు అని. నెట్ సెంటర్‌లో పనిచేసిన మనిషి చెబితే ఎవరు కాదంటారు? మా వైపు సెల్ సిగ్నల్ సరిగా అందకపోయినా అందరూ ఆ బండల్నే అంటారు. కాబట్టి అందరూ నమ్మారు.

హాల్లోకి వచ్చి రౌటర్ పక్కన కూర్చుంటే నా అబద్ధం ఒక్క రోజులో బయటపడేది. కానీ సాయంత్రం హాల్లో మామ, మా ఆయన కూర్చుంటారు. కోడళ్లం వాళ్ల ఎదుట కుర్చీ వేసుకుని కూర్చోము. ఎవరూ కూర్చోవద్దని చెప్పలేదు, అది అంతే. సుజాత కూర్చోదని నాకు తెలుసు. మా మరిది ఇల్లు చేరేది క్లాసు అయిపోయాకే, ఆయన ఫోన్ ఆయన వెంటే. ఆ లెక్క వేసుకునే చేశాను. మిద్దె ఎక్కితే సెల్ సిగ్నల్ కాస్త వస్తుంది. ఎక్కింది. కోడలు మిద్దె మీద ఫోన్ పట్టుకుని నిలబడితే ఊరంతా చూస్తుందని మామ రెండో రోజే దించాడు. ఆ క్లాసులు మళ్లీ చూసుకోవడానికి ఉండేవి కావు. ఆ గంటలో వింటే విన్నట్టు, లేకుంటే పోయినట్టు.

మామ మంచివాడే, అది కూడా చెప్పాలి. మేస్త్రీని పిలిపించి సుజాత గది గోడలో ఒక బండ తీయించాడు, సిగ్నల్ పోవడానికి దారి ఉంటుందని. గోడ కట్టినప్పటి నుంచీ కదలని బండ. సుత్తి దెబ్బలకు పక్కనున్నది కూడా పగిలింది. ఇల్లంతా తెల్లటి దుమ్ము. నేను చీపురు తీసుకుని ఊడుస్తూ ఉన్నాను. అప్పుడన్నా చెప్పొచ్చు కదా? చెప్పకపోయినా, నా ఫోన్లో ఆ గడియ తీసేస్తే, బండ తీసినందుకే వచ్చిందని అందరూ సంతోషించేవాళ్లు. నా మీదికి ఏమీ వచ్చేది కాదు. నేనది కూడా చేయలేదు. ఎందుకు చేయలేదో ఇన్నేళ్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆమె కోసం గోడ పగలగొట్టారు. నా కోసం పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. అంతకంటే వేరే జవాబు నాకు దొరకలేదు.

ఆ సాయంత్రం కూడా క్లాసు రాలేదు. "రాయి పగలగొట్టినా రాకపాయ, ఇంకేం జేస్తాం" అన్నాడు మామ.

ఇంతవరకు చేసింది కోపంలో చేశానని అనుకుందాం. దీని తర్వాత చేసిన దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

సుజాత వాళ్ల అన్న రాజంపేట నుంచి కొత్త ఫోన్ తెచ్చాడు. చెల్లెలి ఫోన్ పాతదై నెట్ పట్టుకోవడం లేదేమోనని. కొత్త ఫోన్ అంటే రౌటర్‌కు కొత్త మనిషి. నేను వేసిన గడియ దానికి తగలదు. ఆ మాట వినగానే నాకు నిజంగా తేలికైంది. నా ప్రమేయం లేకుండానే ఇది ముగిసిపోతుందనుకున్నాను. సుజాత పెట్టె కూడా విప్పకుండా ఫోన్‌ను నేరుగా నా దగ్గరికే తెచ్చింది.

"అక్కా, ఇదన్నా పట్టుకుంటాదేమో చూడు."

"గోడ పగలగొట్టినా రాల్యా గదా సుజాతా."

"గోడదేముందిలేక్కా. నువ్వు చేయి పెడితే అయితాది. నువ్వు గాకుంటే ఈ ఇంట్లో ఎవరు చూస్తారు నాకు?"

నేను వైఫై కలిపి ఇచ్చాను. పగటి వేళ, వెంటనే పట్టుకుంది. ఆమె ఏదో లెక్కల వీడియో పెట్టి, అది గడగడా ఆడుతుంటే చిన్నపిల్లలా నవ్వింది. నా భుజం పట్టుకుని ఊపింది. నా చేతిలో నా ఫోన్ ఉంది. ఆ పేజీలో పేరులేని కొత్త ఫోన్ ఒకటి కనిపిస్తోంది.

"ఇంకేం జేస్తాండావక్కా?"

"ఉండు, చూస్తాండా. సాయంత్రానికి కూడా బాగా రావాల గదా."

అలా అంటూనే ఆ కొత్త ఫోన్‌కు సుజాత పేరు పెట్టాను. పాతదానికి పెట్టిన వేళలే దీనికీ పెట్టాను. ఆమె నా భుజం మీద చేయి తీయనేలేదు. సేవ్ చేశాను.

అప్పుడు నాకు కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు. కోపం ఉంటే దాని మీదికి నెట్టేదాన్ని. మరి ఏముంది? ఆ ఇంట్లో నాకున్న ఒక్క అధికారం అది. అది పనిచేస్తోందో లేదో చూసుకున్నానా? ఏమో. నాకు నేనే అర్థం కాను.

సుజాత పరీక్ష రాసింది. కొద్ది మార్కుల్లో పోయింది. అంత తక్కువలో పోవడమే ఘోరం. పూర్తిగా పోయి ఉంటే, క్లాసులు విన్నా ఇంతే అని నన్ను నేను మభ్యపెట్టుకునేదాన్ని. ఫలితం వచ్చిన రోజు ఆమె పడుకున్న గది గుమ్మం దగ్గర నేను కాఫీ గ్లాసుతో నిలబడ్డాను. అది చల్లారిపోయింది, వెనక్కి తెచ్చి పారబోశాను.

ఆ మర్నాడు గడియ తీసేశాను. సాయంత్రం తన గదిలో నెట్ రావడం చూసి సుజాత నన్ను పిలిచింది. "చూడక్కా, ఇప్పుడు శానా బాగా వస్తాండాది. నాకు పని లేకపోయినాక" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకు అసహ్యం.

మళ్లీ ఉద్యోగాలు పడ్డాయి. అప్లికేషన్ పెట్టమని నేనే వెంటపడ్డాను. ఎంత వెంటపడ్డానంటే మా మరిది కూడా ఆశ్చర్యపోయాడు. సుజాత ఒప్పుకోలేదు. "నా బుర్రకు ఎక్కదులేక్కా. బుర్ర ఉంటే ఆరోజే ఉద్యోగం వచ్చుండేది" అంది. నెట్ రాలేదని అనలేదు. గోడల్ని అనలేదు. తన బుర్రను అంది. ఉద్యోగం పోగొట్టానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను పోగొట్టింది అంతకంటే పెద్దది. తనకు ఏమీ రాదని ఆమె నమ్మింది. ఇప్పుడు సాయంత్రం రొట్టెలు ఆమే కొడుతుంది, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వదు. నా కోసం ఎంత కష్టపడ్డావక్కా అంటుంది. గోడలో బండ తీసిన చోట మా మరిది రేకు కొట్టాడు.

చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే ఆమెకు ఏం ఒరుగుతుంది? ఆమె పోగొట్టుకున్నది తిరిగిరాదు, ఉన్న ఒక్క అక్క కూడా పోతుంది. ఇది ఆమె కోసం ఆలోచించినట్టుగా ఉంది కదా? కాదు. నా కోసమే. నాకు భయం.

మొన్న సుజాత కూతురు లెక్కల పుస్తకం తెచ్చుకుని వాళ్లమ్మ దగ్గర కూర్చుంది. భిన్నాల కూడికలు. "నాకు రావమ్మా అయ్యి, మీ పెద్దమ్మనడుగు" అంది సుజాత, పిండి పిసుకుతూ. పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను చెప్పబోయి తడబడ్డాను. పై అంకెల్ని పై అంకెలతో, కింది వాటిని కింది వాటితో కలిపేశాను. పిల్ల రాసుకుంటోంది.

వంటింట్లోంచి సుజాత గొంతు వచ్చింది. "అట్ల కాదక్కా, ముందు కింది అంకెలు ఒకటి చేయాల గదా." నేను తల ఎత్తేలోపే తనే గొంతు తగ్గించుకుంది. "ఏమో, నాకేం తెల్సులే. నాదే తప్పేమో."

తప్పు కాదు సుజాతా, నువ్వు చెప్పిందే సరి. అంతవరకు అనగలిగాను. ఆమె రొట్టె తిప్పుకుంటూ ఉండిపోయింది. మిగతాది నోటికి రాలేదు. అందుకే మీకు రాశాను. క్షమించమని అడగను. మీరు క్షమించాల్సింది కాదు ఇది. ఆమెకు అన్నీ వచ్చు. ఆమెను ఆపింది బండలు కాదు, నేను. ఈ మాట ఒక్కసారైనా నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది. రాశాను.