మా వియ్యపురాలి కాడ గిలాసలు

మా వియ్యపురాలు పోయిన వార్త నాకు మనవరాలి ఫోన్‌లో తెలిసింది. పొద్దున్నే పూజగదిలో దీపపు కుందులు తుడుస్తున్నాను. "బాపమ్మా, అమ్మమ్మ ఇంక లేదు. నిద్రలనే పోయింది" అంది. ఆ మాట విన్నాక నాకు మొదట తట్టింది, ఈ పిల్ల అంత పొద్దున అక్కడెందుకు ఉందన్న సంగతి. పంజగుట్టలో మా ఇంటికి వస్తానన్న పిల్ల అమీర్‌పేటలో ఆమె మంచం పక్కన పడుకుంది. చావు కబురు వింటూ కూడా ఇలాంటి లెక్క ఎవరైనా చూస్తారా అని మీరు అడగవచ్చు. నేను చూశాను. ఆమె బతికున్నన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను.

ఆమె నా కోడలి తల్లి. గాజు ఊదడం ఆమె పని. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందుల వెనక ఒక రేకుల షెడ్డులో ఆమె భర్త కాలేజీ ప్రయోగశాలలకు గాజు సామాను చేసేవాడు. ఆయన చూపు మందగించాక మంట ముందు కుర్చీలో ఆమె కూర్చుంది. కాలేజీలు ఫ్యాక్టరీ సరుకు కొనడం మొదలుపెట్టాక, పొడవాటి కాడ, గుండ్రటి పాదం ఉన్న గ్లాసులు చేయసాగింది. పెళ్లి కానుకలకు కొనుక్కుపోయేవాళ్లు వాటిని గోబ్లెట్లు అనేవారు. ఆమెకు మాత్రం అవి కాడ గిలాసలు.

పని చేసేటప్పుడు ఊదారంగు కళ్లద్దాలు పెట్టుకునేది. గాజు గొట్టాన్ని, గ్యాసుకు ఆక్సిజన్ కలిపి మండించే మంటలో రెండు చేతులతో ఆపకుండా తిప్పేది. గొట్టం చివర తగిలించిన సన్నటి రబ్బరు ట్యూబు రెండో కొస ఆమె పళ్ల మధ్య ఉండేది. గాజు మెత్తబడి వాలిపోయేలోపు మంటలోంచి తీసి ఊదితే బుడగ లేచేది. తరువాత దానికి కాడ అతికించేది. ఇంకో గాజు ముద్దను నల్లటి పలకతో ఒత్తి పాదం చేసేది. అయినదాన్ని చిన్న పొయ్యిలో పెట్టి మెల్లగా చల్లారనిచ్చేది. "తొందరగ చల్లారిన గాజు పైకి నవ్వుతది వదినె, లోపల గుంజుకుంటది. ఎన్నడో ఒకనాడు ఎవ్వరు ముట్టకుంటనే పలుగుతది" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నా వైపే చూసేదని నా అనుమానం.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మనవరాలికి లెక్కలు నేనే నేర్పాను, ఒక్కో మెట్టూ విడమరిచి, గొంతు నొప్పి పుట్టేదాకా చెప్పి. షెడ్డులో మా వియ్యపురాలు నోట్లో ట్యూబు పెట్టుకుని ఒక్క ముక్క మాట్లాడేది కాదు. కనుబొమ్మ ఎత్తితే మా పిల్ల గ్యాసు తగ్గించేది. ముక్కుతో ఒక మూలుగు మూలిగితే కాడ చేసే గాజు కడ్డీ అందించేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. జీవితమంతా మాటలతో బతికిన నాకు, మాట లేకుండా సాగే ఆ చదువు చూస్తే కడుపు మండేది.

"ఏంది వదినె, గట్ల గుమ్మంల నిలబడ్డవ్? లోపలికి రా, మంట నిన్ను కరువదు" అనేది, నోరు ఖాళీ అయ్యాక.

"పిల్లకు రేపు పరీక్ష ఉందండీ."

"గిది సుత పరీక్షనే. గీడ తప్పు రాస్తే రబ్బరుతోని తుడువరాదు."

పిల్ల కిసుక్కున నవ్వేది. నేను ఆమెను చివరిదాకా 'మీరు' అన్నాను. ఆమె పెళ్లిచూపుల నాటి నుంచే నన్ను 'నువ్వు' అంది.

తన వాళ్ల కోసం గిలాస చేయాలంటే ఆమెకొక పద్ధతి ఉండేది. ముందు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించేది. పెదవి ఎలా ఆనుస్తారో, తల ఎంత వంచుతారో చూసి, దాన్నిబట్టి అంచు తీసేది. నా వంతు వచ్చింది. నేను అలవాటు ప్రకారం గ్లాసు పైకెత్తి నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఆమె నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయ్యో వదినె, నా పనితనమంతా అంచులనే ఉంటది. అది నీ మూతికి తగలకనే పాయె!"

"ఎంగిలి నాకు పడదండీ."

"మరి ఊదింది నా నోటితోని గాదా? గిలాస గిలాసంతా నా ఎంగిలే!"

"ఊపిరికి ఎంగిలేంది అమ్మమ్మా" అంది మనవరాలు. మాట నా పక్షమే, నవ్వు మాత్రం ఆమెతో.

కొన్నాళ్లకు నాకు గిలాస వచ్చింది. దాని అంచుకు ఒక పక్క, ప్రయోగశాల బీకరుకు ఉన్నట్టు, చిన్న ముక్కు ఉంది. పైనుంచి పోసుకుంటే నీళ్లు దారంలా పడతాయి, ఒక్క చుక్క చీర మీద ఒలకదు. అంత ఆలోచించి నాకు ఎవరూ ఏదీ చేసిపెట్టలేదు. ఆ మాట ఆమెతో అనకుండా "బాగుంది" అని ఊరుకున్నాను. మనవరాలికి చేసిన గిలాసకు మాత్రం ఉల్లిపొర లాంటి అంచు. "దీని మూతి నా మూతి లెక్కనే" అంటూ ఇచ్చింది. నాకు ముక్కు, దానికి అంచు. ఆ తేడా నా కంటపడకుండా ఎలా ఉంటుంది?

మనవరాలు మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులో చేరినప్పుడు క్లాసు కన్నా షెడ్డులోనే ఎక్కువ ఉంటుందని నాకు గట్టి నమ్మకం. అసలు సంగతి కోడలు చెప్పింది. క్లాసు ఎగ్గొట్టి వస్తే ఆమె మంటే వెలిగించేది కాదట. "నీ బాపమ్మ చెప్పిన సదువు పూర్తి చెయ్యి. అటెన్కనే గీడ కూసో" అని వెనక్కి పంపేదట. పిల్లకు ఉద్యోగం వచ్చిందని నేను మిఠాయి తీసుకుని వెళ్తే నా చెయ్యి పట్టుకుని అంది: "నీ మీద నాకు మస్తు కుళ్లు వదినె. నువ్వు నేర్పింది దాని తలకాయల ఉంటది, ఏడికి పోయినా ఎంబడి పోతది. నాది చేతులల్ల ఉంటది. మంట ముట్టకపోతే పాయె."

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మా ఇద్దరిలో అసూయపడే హక్కు నాదే అనుకునేదాన్ని. అందులోనూ ఆమె వాటా అడిగినట్టనిపించింది.

కర్మ ముగిశాక అందరం షెడ్డులో కూర్చున్నాం. ఖాళీ చేసి తాళం వేద్దామన్నాడు మా అబ్బాయి. మనవరాలు తల ఎత్తింది.

"నేను ఉద్యోగంల చేరను. గిది నడుపుత. బాపమ్మ వద్దంటేనే వద్దు."

అందరూ నా వైపు తిరిగారు. వద్దు అనే మాట నాలుక చివరే ఉంది. అంటే ఆ పిల్ల వింటుంది, నా దగ్గరే ఉంటుంది.

"ముందు చేసి చూపించు" అన్నాను.

మంట వెలిగించింది. మొదటి గొట్టం ఒక పక్కకు వాలి పాడైంది. దాన్ని పక్కన పడేసి రెండోది తీసుకుంది. తిప్పింది, ట్యూబు పళ్ల మధ్య పెట్టుకుంది, ఊదింది.

పుట్టినప్పటి నుంచీ ఈ పిల్లది అచ్చం నా ముఖమని చుట్టాలంతా అంటారు. నా నుదురు, నా గడ్డం. గాలి పట్టి బుగ్గలు నిండేసరికి ఆ పోలిక ఎటు పోయిందో తెలియలేదు. మంట వెలుతురులో నా ఎదురుగా కూర్చున్నది మా వియ్యపురాలు. పోయిన మనిషి మీద కూడా ఇంత కుళ్లు పుడుతుందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"ఏమంటవమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

"ఆక్సిజన్ సిలిండర్‌లో ఇంకెంత ఉందో చూడు, మధ్యలో అయిపోతే కష్టం" అన్నాను.

వాడు లేచి వెళ్లాడు. గొట్టం చివర నారింజరంగు బుడగ, పిల్ల చేతుల్లో తిరుగుతూ, మెల్లగా పెద్దదవుతోంది.